తదితరులు పాల్గొన్నారు

సోమవారం

ఈరోజు పత్రిక మళ్ళీ ఆరలేదు.

జిలానీ పొద్దున్నే బోర్లించిన కుండ మీద పిండి పూసి, రేకు తీసి, దండెం మీద వేశాడు. రోజూ గలగలలాడే రేకు ఇవాళ తడిపంచెలా వేలాడింది. సగం కాపీల్లో చర్చి తెప్ప వార్త మసీదు తెప్ప వార్తకు అంటుకుపోయింది. మతసామరస్యానికి మంచిదేనని పరబ్రహ్మం గారు అన్నారు గానీ ఆయన మొహంలో నవ్వు లేదు.

పరబ్రహ్మం గారు మా ‘తెప్పవాణి’ సంపాదకులు. జిలానీ ముద్రించేవాడు, వంటవాడు కూడా. మా దగ్గర ఆ రెండూ ఒకటే పని. కాగితం దొరకడం మానేసి చాలా కాలమైంది కాబట్టి మేము బియ్యప్పిండి రేకు మీద బెల్లం సిరాతో అచ్చు వేస్తాం. జనం చదివి తినేస్తారు. పెద్ద శీర్షికలున్న రోజు తీపి ఎక్కువ కాబట్టి పెద్దవాళ్ళ చేతికి అందకముందే పిల్లలు లాక్కుంటారు. ఈ పద్ధతిలో పాత సంచికలంటూ ఏవీ మిగలవు. అందుకని విలేకరి రోజూ ఈ డైరీ రాయాలని పరబ్రహ్మం గారి ఆజ్ఞ. విలేకరి అంటే నేనే. పేరు సువార్త. నాకు తోడు ఎవరినైనా వేయమని అడిగితే, పేరులోనే వార్త పెట్టుకుని ఇంకా తోడెందుకమ్మా అంటారు.

ఇవాళ చేపల తెప్పలో వలలు బాగుచేసే షెడ్డు ప్రారంభించారు. వార్త మూడు లైన్లు, పేర్లు పదకొండు లైన్లు. ‘ఈ కార్యక్రమంలో’ అని మొదలై ‘తదితరులు పాల్గొన్నారు’ అని ముగిసే ఆ ఆఖరి పేరాయే మా ఊళ్ళో పత్రిక. మిగతాదంతా అది చేరడానికి మెట్లు. జనం కింది నుంచి పైకి చదువుతారు. తమ పేరు దొరికితే అక్కడే ఆపి, ఆ ముక్క చుట్టాలకు చూపించి, సాయంత్రం టీతో తింటారు. దొరక్కపోతే మా ఆఫీసుకు వస్తారు.

మా అత్తగారు ఆఫీసుకు రాలేదు. అంతకన్నా పెద్ద శిక్ష వేసింది. మూడు వారాలుగా నాతో మాట్లాడటం లేదు.

ఆవిడ పేరు దీనమ్మ. ఊరు మొత్తానికి గొలుసు దీనమ్మ. మా ఏడుతెప్పలలో ఏడు వీధులూ ఏడు తెప్పల మీద తేలుతుంటాయి. నీళ్ళలో మునిగిపోయిన పాత ఊరి మంచినీళ్ళ ట్యాంకు తల ఒక్కటే పైకి కనిపిస్తుంది. అన్ని తెప్పల గొలుసులూ దాని మీదున్న పెద్ద కొక్కేనికి తగిలించి ఉంటాయి. ఆ కొక్కెం మా అత్తగారి అరచెయ్యి ఆనితే తప్ప తెరుచుకోదు. పూర్వం ఎవడో తాగొచ్చి ఊరిని విప్పేస్తే అందరూ పొద్దున లేచేసరికి పక్క జిల్లాలో ఉన్నారట. అప్పటి నుంచి ఈ ఏర్పాటు. ఆవిడకు ఆ పని వాళ్ళమ్మ నుంచి వచ్చింది.

మూడు వారాల కిందట గొలుసులకు నూనె పెట్టే రోజు జరిగింది. ఎండలో నిలబడి గొలుసు మొత్తం తుడిచింది ఆవిడ. పత్రికలో మాత్రం టెంటు వేసినవాడి పేరుంది, మజ్జిగ పోసినవాడి పేరుంది, దీనమ్మ పేరు లేదు. ‘తదితరులు’ అని ఉంది. పత్రికలో పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళ పేర్లు వేయకూడదని పరబ్రహ్మం గారి నియమం. ఆయన భార్య పేరు కూడా ఇంతవరకు పడలేదు. ఈ సంగతి చెప్పబోతే మా అత్తగారు బాతు వైపు తిరిగింది. ఆవిడ పెంచే బాతు పేరు రాణి.

“రాణీ, చారు పొంగిపోతంది, దించమని చెప్పవే,” అంది ఇవాళ కూడా.

చారు దించాను. రాణి నన్ను జాలిగా చూసింది.

మంగళవారం

పొద్దున్నుంచీ గోలపెట్టె తుపానంటోంది.

ప్రతి ఇంటికీ ప్రభుత్వం ఇచ్చిన హెచ్చరిక పెట్టెకు మా ఊళ్ళో అదే పేరు. అది ఆకాశం నుంచీ సముద్రం అడుగు నుంచీ సమస్తం తెలుసుకుంటుంది. అన్నీ తెలిసినందువల్ల దానికి అన్నిటికీ భయమే. ఎండ జాగ్రత్త, దోమ జాగ్రత్త, మెట్టు జారుతుంది జాగ్రత్త, పప్పులో ఉప్పు ఎక్కువైంది జాగ్రత్త. అన్నీ ఒకే మర్యాద గొంతుతో చెబుతుంది. ఈ ఏడాది మూడుసార్లు తుపానంది, మూడుసార్లూ అది ఒడిశా వైపు వెళ్ళింది. చాలామంది పెట్టెను దిండు కింద కుక్కారు. మా అత్తగారు ఖాళీ ఆవకాయ జాడీలో వేసి మూత పెట్టింది. అందులోంచి “ప్రియమైన పౌరులారా” అని లీలగా వినిపిస్తూ ఉంటుంది.

ఈసారి మా ఆయన ఏలియా కూడా అదే మాటన్నాడు. అతను లాగుడు లాంచీ నడుపుతాడు, అతనికి అన్నిటికీ భయపడే అలవాటు లేదు.

“అలలు అడుగు నుంచి లేస్తన్నాయి సువార్తా. ఇది పక్కకి పోయే రకం కాదు. రేపు మజ్జానం లోపు ఊరిని మడ కాలవలోకి లాక్కుపోవాల. తర్వాత మా లాంచీల వల్ల కాదు.”

మడ అడవి మధ్య కాలువలోకి చేరితే గాలి చెట్లు చూసుకుంటాయి. కానీ ఊరు కదలాలంటే ప్రతి తెప్పలోనూ జనం వచ్చి వంతెనలు మడవాలి, పక్కతాళ్ళు లాగిపట్టాలి. ఒక్క తెప్ప బద్ధకిస్తే అది మిగతా వాటి మీద పడి అన్నిటినీ నలగ్గొడుతుంది.

పరబ్రహ్మం గారు ప్రత్యేక సంచిక వేశారు. ‘ముంచుకొస్తున్న మృత్యుకెరటం’ అని పేజీ నిండా శీర్షిక పెట్టారు. దానికే వారానికి సరిపడా బెల్లం అయిపోయింది. నేను చేపల తెప్ప నుంచి కోర్టు తెప్ప దాకా తిరిగి పంచాను. ఫలితం చూద్దామని తిరిగి వస్తుంటే పిల్లలంతా శీర్షిక తింటున్నారు. ‘మృత్యు’ వరకు అయిపోయింది.

చేపల సంఘం మాజీ ఉపాధ్యక్షులు సత్తిరాజు బాబాయ్ అరుగు మీద కూర్చుని మిగిలింది చదువుతున్నాడు.

“బాగా రాశావమ్మాయ్. ఒళ్ళు జలదరించింది,” అన్నాడు.

“మరి వంతెన మడిచే పని మొదలుపెట్టండి బాబాయ్.”

“పెడదాంలే గానీ, కింద ఎవరూ పాల్గొన్లేదేంటి?”

“తుపానులో ఎవరు పాల్గొంటారు బాబాయ్?”

“అదే నేననేది. ఒక్కడంటే ఒక్కడు పాల్గొనలేదంటే అంత పెద్ద కార్యక్రమం కాదన్నట్టేగా.” మిగిలిన ముక్క నోట్లో వేసుకుని, “బెల్లం మాత్రం బాగా పడింది,” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆఫీసుకు వచ్చి, ఈ ఊరు మునిగినా వార్తలో తమ పేరుందో లేదో చూసుకునే మునుగుతుందని పరబ్రహ్మం గారితో అన్నాను. ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు కిటికీలోంచి నీళ్ళ వైపు చూశారు. తర్వాత రేషన్ కార్డుల జాబితా తెప్పించమన్నారు.

బుధవారం

ఇది మడ కాలువలో, లాంచీ గదిలో కూర్చుని రాస్తున్నాను. లాంచీ ఊగుతుంటే అక్షరాలు కుదరడం లేదు.

పొద్దున వచ్చిన సంచికలో వార్త ఇది. ‘తుపాను ముంచుకొస్తున్న వేళ ఏడుతెప్పల వాసులు అపూర్వ ఐకమత్యం చూపారు. బుధవారం మధ్యాహ్నానికల్లా వంతెనలు మడిచి, తాళ్ళు లాగి, ఊరిని క్షేమంగా మడ కాలువలోకి తరలించారు. ఈ కార్యక్రమంలో’ అని మొదలై, రేకుకు రెండువైపులా చీమతలకాయంత అక్షరాల్లో ఊళ్ళో అందరి పేర్లు. ఎవరు ఏ తాడు పట్టుకున్నారో కూడా ఉంది.

పరబ్రహ్మం గారు తన జీవితంలో జరగనిది వేయలేదు. అచ్చుకు ఇచ్చే ముందు ఆయన చాలా బాధపడ్డారు.

“ఇది అబద్ధమంటావా జిలానీ?” అని అడిగారు.

“మజ్జానం దాకానే సార్,” అన్నాడు జిలానీ.

పత్రిక పంచిన గంటలో ఊరు లేచింది. పేపర్లో పడ్డాక రాకపోతే పరువేం కావాలి? ‘మూడో తాడు పట్టుకున్నారు’ అని ఉన్నవాళ్ళు మూడో తాడు దగ్గర నిలబడి, వేరేవాళ్ళు ముట్టుకుంటే తోసేశారు. సత్తిరాజు బాబాయ్ పేరు ముందు ‘మాజీ ఉపాధ్యక్షులు’ ఎగిరిపోయిందని గొడవ చేస్తూనే వంతెన మొత్తం ఒక్కడే మడిచాడు. అది కూడా రాసుకోమన్నాడు. బడి తెప్పలో పొరపాటున పోయిన సంవత్సరం చనిపోయిన నాగభూషణం గారి పేరు పడింది. ఆయన భార్య లలితాంబ గారు ఆ రేకు కళ్ళకద్దుకుని, ఆయన బదులు నేను లాగుతానని కొంగు బిగించింది. గోలపెట్టె నిన్నటి నుంచీ అరిచి చేయలేని పనిని ఆ ఆఖరి పేరా చేసింది. నాకు ఆ జనం మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, అందరినీ పేరుపేరునా ముద్దుపెట్టుకోవాలనిపించింది.

గాలి పెరిగింది. లాంచీలు వచ్చాయి. తాళ్ళన్నీ సిద్ధం. పరబ్రహ్మం గారు మైకు పట్టుకుని, “ఇక కొక్కెం తీయండి,” అన్నారు.

కొక్కెం తీయలేదు.

అందరూ ట్యాంకు వైపు చూశారు. మా అత్తగారు దాని మీద రాణిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని పత్రిక చదువుతోంది. కింది నుంచి పైకి.

నాకు అప్పుడు వెలిగింది. రేషన్ జాబితాలోంచి పేర్లు రాసుకునేటప్పుడు చర్చి తెప్పలో మా ఇంటి నంబరు రాగానే అలవాటుగా దాటేశాను. పరబ్రహ్మం గారు దిద్దేటప్పుడు అలవాటుగా మా ఇల్లు లేదని సంతృప్తిపడి ఉంటారు. ఊళ్ళో బతికున్నవాళ్ళనూ పోయినవాళ్ళనూ వేసి, ఊరిని విప్పాల్సిన మనిషిని వదిలేశాం. ఇంత తెలివైన పని ప్రపంచంలో ఇంకే పత్రికా చేసి ఉండదు.

చిన్న పడవ వేసుకుని ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. నిచ్చెన ఎక్కుతుంటే ట్యాంకు మీది గోలపెట్టె, “జాగ్రత్త, మెట్టు తడిగా ఉంది,” అంది.

“అత్తయ్యా, రండి. అందరూ తాళ్ళు పట్టుకుని మీకోసమే చూస్తున్నారు.”

ఆవిడ తలెత్తలేదు. “రాణీ, నాకోసం ఎందుకు చూస్తారే? ఊరు ఎప్పుడో వెళ్ళిపోయింది గదా. పేపర్లో పడింది.”

“పొరపాటు జరిగింది అత్తయ్యా. కావాలని కాదు.”

“పొరపాటేముందే రాణీ. అందులో నేను పాల్గొన్నట్టు లేదు. ఇప్పుడు నేను లేచి చెయ్యి ఆనిస్తే వాళ్ళ పేపరు అబద్ధం చెప్పినట్టయిద్ది. ఇన్నేళ్ళుగా కాపాడుకున్న పేరు నా మూలంగా పోవడం దేనికి?”

రేపటి సంచికలో ఆవిడ పేరొక్కటే పెద్దక్షరాల్లో వేయిస్తానన్నాను.

“రేపు చదివేదెవరే? చేపలా?”

అంటే ఆవిడకు తుపాను సంగతి తెలుసు. తెలిసే కూర్చుంది. జిలానీకి ఫోన్ చేశాను. ఒక్క కాపీ, ఒక్క పేరు, ఇప్పుడే కావాలన్నాను.

“అక్కా, కుండ మీద పిండి నిలవట్లేదు. జావైపోతంది. జావ మీద రాయమంటే రాస్తా,” అన్నాడు.

అల ఒకటి వచ్చి నిచ్చెనలో సగం తడిపింది. చర్చి తెప్ప మసీదు తెప్పను గుద్దిన చప్పుడు వినిపించింది. అంత దూరం నుంచి కూడా పిల్లల ఏడుపు తెలుస్తోంది. ఏలియా లాంచీ మీద నిలబడి అమ్మా అని అరుస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందు బయటపెట్టాలో తెలియక ఆవిడ పక్కనే చతికిలబడ్డాను.

“మీరు రాకపోతే నేనూ వెళ్ళను. మీ ఇష్టం,” అన్నాను.

ఆవిడ పత్రికను మళ్ళీ పైకెత్తి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, రెండువైపులా తిప్పి చూసింది. తర్వాత మూడు వారాల్లో మొదటిసారి బాతును కాకుండా నన్ను చూసింది.

“ఏమ్మాయ్, నీ పేరేదీ?”

“నా పేరుండదు.”

“చచ్చిపోయిన నాగభూషణం ఉన్నాడు ఇందులో. ఇన్ని పేర్లు రాసుకున్నదానివి నువ్వు లేవేంది?”

“విలేకరి పేరు వెయ్యరు అత్తయ్యా.”

“మొన్న గొలుసుల రోజున నాతోపాటు నూనె డబ్బా మోశావుగా. అప్పుడు?”

“అప్పుడూ వెయ్యలేదు.”

“మరి యాడున్నట్టు నువ్వు?”

“తదితరుల్లో. పెళ్ళిళ్ళకీ, ప్రారంభోత్సవాలకీ, అన్నిటికీ అక్కడే ఉంటాను. మొన్న ఒక్కసారి మీరూ వచ్చారు. తోడు దొరికిందనుకున్నాను. మీరు మాట్లాడటం మానేశారు.”

రేకును నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. రాణిని తీసి నా చేతుల్లో పెట్టింది.

“దీన్ని పట్టుకో. గట్టిగా పట్టుకుంటే పొడిసిద్ది,” అని లేచింది.

కొక్కెం మీద చెయ్యి ఆనించింది. లోపల ఏదో గుర్రుమంది గానీ కొక్కెం నాలుక కదల్లేదు. ఉప్పుకు పట్టేసింది. నేను బాతును చంకలో ఇరికించుకుని రెండో చేత్తో కొక్కెం పక్కనున్న మీట మీద బరువంతా వేశాను. ఆవిడ పక్కనుంచి భుజంతో నెట్టింది. రాణి నన్ను పొడిచింది. ఆ నొప్పికి నేను వేసిన కేకతో పాటే కొక్కెం తెరుచుకుంది. ఏడు గొలుసులూ ఒకదాని వెంట ఒకటి నీళ్ళలోకి జారాయి. ఊరు మొత్తం ఒక్కసారి ఊగి, లాంచీల వెనక బయల్దేరింది.

ఏలియా మమ్మల్నిద్దరినీ లాంచీలోకి లాగాడు. మడ కాలువలో చివరి తాడు కట్టేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. పత్రికలో మధ్యాహ్నానికల్లా అని ఉంది. పరబ్రహ్మం గారు వానలో తడుస్తూ ఆ ఒక్క మాటకు బాధపడుతున్నారు.

శుక్రవారం

ఒక రాత్రీ ఒక పగలూ కొట్టింది. బడి తెప్ప పైకప్పు పోయింది. కోర్టు తెప్పలో ఫైళ్ళన్నీ కొట్టుకుపోయాయి, దానికి కొందరు రహస్యంగా సంతోషిస్తున్నారు. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు. లెక్క చూసుకోవడానికి పేర్లన్నీ వరసగా అచ్చులో ఉండటం బాగా పనికొచ్చింది. నాగభూషణం గారొక్కరే తగ్గారు.

తిండికి ఇబ్బందైంది. పొయ్యిలన్నీ తడిశాయి. ఆఖరికి జిలానీ నూనెగుడ్డలో చుట్టి దాచిన బుధవారం సంచికలు బయటికి తీశాడు. అందరూ వాటినే తిన్నారు. తినే ముందు ఎవరి పేరు వాళ్ళు జాగ్రత్తగా తుంచి దాచుకున్నారు. సత్తిరాజు బాబాయ్ మాత్రం ఆలోచించి, పదవి లేని పేరు దాచుకుని ఏం చేస్తామని అది కూడా తినేశాడు.

లాంచీలో మా అత్తగారు తన రేకులో సగం విరిచి నాకు పెట్టింది. ఏ ముక్క దాచుకుందో నాకు చూపించలేదు.

శనివారం

ఊరు మళ్ళీ ట్యాంకు దగ్గరికి చేరింది. పరబ్రహ్మం గారు జీవితంలో మొదటిసారి తన నియమం తానే కొట్టేశారు. ‘ఊరిని కాపాడిన గొలుసు దీనమ్మ’ అని శీర్షిక, కింద వార్త, అందులో మూడుచోట్ల ఆవిడ పేరు. విలేకరి పేరు వేయకూడదన్న నియమం మాత్రం వేరే నియమమట. అది అన్నిచోట్లా ఉన్న నియమమే కాబట్టి నేనూ అడగలేదు.

మొదటి కాపీ నేనే ఇంటికి తీసుకెళ్ళాను. మా అత్తగారు అరుగు మీద కూర్చుని కింది నుంచి పైకి చదివింది. తర్వాత పై నుంచి కిందికి చదివింది. కళ్ళు తుడుచుకుంది. ఇక తింటుందని నీళ్ళు తెచ్చిపెట్టాను. ఆవిడ తినలేదు. రేకు చంకలో పెట్టుకుని, చెప్పులేసుకుని, నేరుగా మా ఆఫీసుకు నడిచింది. నేను వెనకే పరిగెత్తాను.

పరబ్రహ్మం గారు లేచి నమస్కారం పెట్టి కుర్చీ చూపించారు. ఆవిడ కూర్చోలేదు. రేకు బల్ల మీద పెట్టింది.

“ఇది తప్పు పడిందండి. దిద్దండి.”

“ఏం తప్పమ్మా? పేరు సరిగ్గానే ఉంది కదా.”

“పేరొద్దు. నన్ను తీసుకెళ్ళి తదితరుల్లో వెయ్యండి,” అంది మా అత్తగారు. “మా కోడలు అక్కడ ఒక్కతే అయిపోయింది.”

పరబ్రహ్మం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. జిలానీ కుండ వైపు తిరిగిపోయాడు. నేనేం చేశానో రాయను.

ఆదివారం

గాలి పొడిగా ఉంది. ఈరోజు రేకు బాగా ఆరింది. పొద్దున కాపీ విప్పి చూస్తే మొదటి పేజీలో, పైనే, చుట్టూ గీత గీసి ఇలా ఉంది:

‘సవరణ: నిన్నటి సంచికలో ఊరి తరలింపు వార్తలో శ్రీమతి గొలుసు దీనమ్మ గారి పేరు పొరపాటున విడిగా ప్రచురితమైనది. ఆమె తదితరులలో ఉన్నారని పాఠకులు గమనించగలరు.’